మీట వేరు.. అక్షరం వేరు

గ్రాఫిక్స్ ప్రోగ్రాముల్లో తెలుగు తడబడేది ఇక్కడే
విండో, కీబోర్డు, మౌస్ లోపాలను లైబ్రరీలో సరిదిద్దితే అందరికీ ప్రయోజనం

పేరాల (చీరాల): ఇంట్లోని కంప్యూటరులో చక్కగా నడిచిన ప్రోగ్రాం కళాశాల ప్రయోగశాలకు వెళ్లేసరికి మొరాయిస్తుంది. మౌస్‌తో నొక్కిన గడి ఒకటైతే రంగు నిండేది మరొకటి. తెలుగులో పేరు రాయబోతే వరుసగా ప్రశ్నార్థకాలు దర్శనమిస్తాయి. ఒక్కోసారి వేలు తీసినా మీట నొక్కినట్లే ఉండిపోతుంది. బొమ్మలతో కూడిన ప్రోగ్రాములు రాసే ఇంజినీరింగ్, డిగ్రీ విద్యార్థులలో చాలామందికి ఏదో ఒక దశలో ఈ చిక్కులు ఎదురవుతాయి. కంప్యూటరు పాతదని కొందరు, తెలుగుకు ఇలాంటివి కుదరవని మరికొందరు సరిపెట్టుకుంటారు. నిజానికి ఈ లోపాలలో ప్రతిదానికీ కారణం ఉంది. సరిచేసే మార్గమూ ఉంది.

ఈ ప్రాంతానికి తగిన ఉదాహరణ తీసుకుందాం. ఒక విద్యార్థి చీర అంచు నమూనాలు గీసే చిన్న ప్రోగ్రాం రాశాడనుకుందాం. తెరపై గళ్ల కాగితం కనిపిస్తుంది. ఒక్కో గడి పడుగు, పేక కలిసే ఒక్కో చోటును సూచిస్తుంది. గడిపై నొక్కితే రంగు నిండుతుంది. నమూనా పూర్తయ్యాక దానికి తెలుగులో పేరు పెట్టి భద్రపరచాలి. చూడడానికి ఇంతే. కానీ ఇదే ప్రోగ్రాం విండోస్, లినక్స్, మ్యాక్ కంప్యూటర్లు మూడింటిపైనా ఒకేలా నడవాలంటే తెర వెనుక చాలా పని జరగాలి.

లైబ్రరీ చేసే పని ఏమిటి?

ఇక్కడ లైబ్రరీ అంటే 1918లో వెలసిన వేటపాలెం సారస్వత నికేతనం వంటి గ్రంథాలయం కాదు. అయితే పోలిక లేకపోలేదు. అవసరమైన ప్రతి పుస్తకాన్నీ ప్రతి ఇంటివారూ కొననక్కర లేకుండా గ్రంథాలయం ఆదుకుంటుంది. అలాగే ప్రతి ప్రోగ్రాంకూ అవసరమయ్యే పనులను ఒకచోట ముందే రాసి ఉంచితే అది సాఫ్ట్‌వేర్ లైబ్రరీ అవుతుంది.

తెరపై విండో తెరవడం, మౌస్ ఎక్కడుందో చెప్పడం, ఏ మీట నొక్కారో తెలపడం వంటి పనులకు ఒక్కో ఆపరేటింగ్ సిస్టంలో ఒక్కో పద్ధతి ఉంది. ఈ తేడాలను తాను భరించి ప్రోగ్రాం రాసేవారికి ఒకే పద్ధతిని అందించేదే క్రాస్ ప్లాట్‌ఫామ్ లైబ్రరీ. శామ్ లాంటింగా 1998లో ప్రారంభించిన ఎస్‌డీఎల్ ఇలాంటిదే. జీఎల్‌ఎఫ్‌డబ్ల్యూ మరొకటి. పైథాన్ నేర్చుకునే విద్యార్థులకు పరిచయమైన పైగేమ్ కూడా లోపల ఎస్‌డీఎల్ ఆధారంగానే పనిచేస్తుంది. కంప్యూటరులో ఏది జరిగినా ఈ లైబ్రరీలు దానిని ఒక సందేశంగా మార్చి ప్రోగ్రాంకు అందిస్తాయి. మౌస్ కదిలితే ఒక సందేశం, మీట నొక్కితే ఒకటి, వదిలితే మరొకటి. ఆ సందేశానికి అసలు అర్థం ఏమిటో తెలియకపోవడం వద్దనే చాలా లోపాలు మొదలవుతాయి.

నొక్కింది ఒక గడి.. నిండింది మరొకటి

మొదటి చిక్కు విండో కొలతల్లో ఉంది. విండో వెడల్పు 800 అని ప్రోగ్రాంలో రాస్తే తెరపై 800 చుక్కలు ఉంటాయని విద్యార్థి భావిస్తాడు. పాత తెరలపై అది నిజమే. 2012లో ఆపిల్ సంస్థ ల్యాప్‌టాప్‌లలో రెటీనా తెరలు తెచ్చాక లెక్క మారింది. ఆ తెరలపై విండో కొలతలో ఒక్కో పాలుకు అడ్డంగా రెండు, నిలువుగా రెండు చుక్కలు ఉంటాయి. అంటే 800 వెడల్పు గల విండోలో గీసేందుకు 1600 చుక్కలు లభిస్తాయి.

మన నమూనా ప్రోగ్రాం పది చుక్కలకు ఒక గడి చొప్పున గీసిందనుకోండి. అడ్డంగా 160 గళ్లు వస్తాయి. నేత కార్మికుడు సరిగ్గా విండో నడుమ ఉన్న 80వ గడి దగ్గర నొక్కుతాడు. మౌస్ సందేశం మాత్రం విండో కొలతలో 400 అని చెబుతుంది. ప్రోగ్రాం దానిని పదితో భాగించి 40వ గడిని నింపుతుంది. నడిమిన నొక్కితే పావు వంతు దగ్గర రంగు పడుతుందన్నమాట. ఆ నమూనా చూసి జాకార్డు మగ్గానికి అట్టలు కొట్టించుకుంటే ఒక్క గడి తప్పు అంచు పొడవునా తిరిగి తిరిగి వస్తుంది.

విండో పరిమాణం, గీసే చుక్కల పరిమాణం రెండూ వేర్వేరు అన్నదే దీనికి పరిష్కారం. రెంటినీ విడివిడిగా అడిగే ఏర్పాటు ఎస్‌డీఎల్, జీఎల్‌ఎఫ్‌డబ్ల్యూలలో ఉంది. రెంటి నిష్పత్తిని కనుక్కుని, మౌస్ చూపిన స్థానాన్ని దానితో గుణించాకే గడిని లెక్కగట్టాలి. విండోను సాగదీసినప్పుడు, వేరే తెరపైకి జరిపినప్పుడు ఆ నిష్పత్తిని మళ్లీ అడిగి తెలుసుకోవాలి. ఒకసారి లెక్కించి దాచుకుంటే చాలదు.

లినక్స్‌లో మరో మలుపు ఉంది. అక్కడ 1984లో పుట్టిన ఎక్స్ విండో పద్ధతి, 2008లో మొదలైన వేలాండ్ పద్ధతి రెండూ వాడుకలో ఉన్నాయి. తన విండో తెరపై ఫలానా చోట ఉండాలని ఎక్స్ పద్ధతిలో ప్రోగ్రాం కోరవచ్చు. వేలాండ్‌లో మామూలు ప్రోగ్రాంకు ఆ వెసులుబాటు లేదు. అందుకే విండో స్థానంపై ఆధారపడి లెక్కలు వేసే ప్రోగ్రాం ఒక లినక్స్ యంత్రంపై నడిచి, పక్కనే ఉన్న మరో లినక్స్ యంత్రంపై తడబడవచ్చు.

వేలు తీసినా విడవని మీట

రెండో చిక్కు తరచూ కనిపించేదే. నమూనా గీస్తున్న వ్యక్తి ఆల్ట్ మీట నొక్కి పట్టి ట్యాబ్ కొట్టి మరో విండోకు వెళ్తాడు. ఆల్ట్ నొక్కిన సందేశం మన ప్రోగ్రాంకు అందింది. వదిలిన సందేశం మాత్రం కొత్త విండోకు వెళ్లిపోయింది. తిరిగి వచ్చాక కూడా ఆల్ట్ నొక్కే ఉందని మన ప్రోగ్రాం భ్రమిస్తుంది. ఏ మీట కొట్టినా అనుకోని పని జరుగుతుంది.

విండోపై దృష్టి మళ్లిన క్షణంలోనే, అప్పటివరకు నొక్కి ఉన్న మీటలన్నిటినీ వదిలినట్లు లైబ్రరీ తనంతట తాను సందేశాలు పంపడమే ఇందుకు విరుగుడు. ఎస్‌డీఎల్, జీఎల్‌ఎఫ్‌డబ్ల్యూ రెండూ ఈ పని చేస్తున్నాయి. కానీ ప్రోగ్రాం రాసేవారు ఆ సందేశాలను పట్టించుకోకుండా సొంత లెక్క పెట్టుకుంటే లోపం మళ్లీ ఇంటికే వస్తుంది.

విండోస్‌లో విండో అంచు పట్టి లాగుతున్నంతసేపూ బొమ్మ కదలకుండా నిలిచిపోవడం కూడా ఈ కోవలోదే. లాగడం ముగిసేదాకా ఆపరేటింగ్ సిస్టం పగ్గాలను తన చేతిలోకి తీసుకుంటుంది. ప్రోగ్రాం ప్రధాన చక్రం ఆగుతుంది. ఆ సమయంలోనూ గీయాలంటే పరిమాణం మారినప్పుడు నేరుగా పిలుపు అందుకునే ఏర్పాటు చేసుకోవాలి.

పేరాల రాయాలంటే ఏ మీటలు?

తెలుగువారికి అన్నిటికన్నా ముఖ్యమైన చిక్కు ఇక్కడుంది. ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డులో ‘పేరాల’ అని రాయాలంటే వరుసగా హెచ్, ఎస్, జె, ఇ, ఎన్ మీటలు నొక్కాలి. హెచ్ స్థానంలో ప, ఎస్ స్థానంలో ఏత్వం, జె స్థానంలో ర, ఇ స్థానంలో దీర్ఘం, ఎన్ స్థానంలో ల ఉంటాయి. ఇప్పుడు ప్రోగ్రాంకు రెండు రకాల సందేశాలు వస్తాయి. ఏ మీట కదిలిందో చెప్పేది మీట సందేశం. దానివల్ల ఏ రాత పుట్టిందో చెప్పేది పాఠ్య సందేశం. మీట సందేశాలనే అక్షరాలుగా భావించి రాసిన ప్రోగ్రాం తెరపై అయిదు ఇంగ్లిషు అక్షరాలను పేరుస్తుంది. పాఠ్య సందేశాలను అందుకునే ప్రోగ్రాం ‘పేరాల’ అని చూపుతుంది.

దీనికి ఎదురు తప్పూ ఉంది. ఆటల్లో బొమ్మను నడిపేందుకు డబ్ల్యూ, ఎ, ఎస్, డి మీటలు వాడడం పరిపాటి. ఇన్‌స్క్రిప్ట్ ఎంచుకున్న కంప్యూటరులో ఆ నాలుగింటి నుంచి వచ్చేవి ఐత్వం, ఓత్వం, ఏత్వం, పొల్లు. ‘డబ్ల్యూ అనే అక్షరం వస్తే ముందుకు నడువు’ అని రాసిన ఆటలో బొమ్మ అంగుళం కదలదు. ఇది తెలుగుకే పరిమితమైన ఇబ్బంది కాదు. ఫ్రాన్సులో వాడే కీబోర్డుల్లో అక్షరాల అమరిక వేరు కనుక అక్కడా ఇదే తంటా.

సూత్రం ఒక్కటే. కదలికకు మీట స్థానాన్ని చూడాలి. రాతకు పాఠ్యాన్ని మాత్రమే చూడాలి. పేరు రాసే గడి తెరిచి ఉన్నంతసేపు సత్వర మీటలను మూసి ఉంచాలి. లేకుంటే ‘పేరాల’ రాస్తూ ఎస్ మీట నొక్కగానే నమూనా భద్రపరిచే పని మొదలు కావచ్చు.

పాత ఎస్‌డీఎల్ 1.2లో ఈ రెండు సందేశాలూ కలగలిసి ఉండేవి. మీట సందేశంలోనే ఒక్క గుర్తుకు సరిపడే చోటు ఉండేది. ఒక మీటకు ఒక అక్షరం అన్న ఇంగ్లిషు అలవాటు అందులో కనిపిస్తుంది. 2013లో వెలువడిన ఎస్‌డీఎల్ 2 పాఠ్య సందేశాన్ని వేరు చేసింది. పైగేమ్ 2020లో వచ్చిన రెండో కూర్పుతో ఈ బాట పట్టింది. కాబట్టి పాత పాఠాలను చూసి నేర్చుకునే విద్యార్థులు అవి ఏ కూర్పుకు రాసినవో ముందుగా గమనించాలి.

ప్రశ్నార్థకాలు ఎక్కడివి?

విండోస్‌లో కొన్ని భాషలకు యూనికోడ్‌కు ముందునాటి పాత సంకేత పట్టికలు ఉన్నాయి. తెలుగుకు అటువంటి పట్టిక లేదు. విండోస్ ఎక్స్‌పీతో గౌతమి ఫాంటు, తెలుగు కీబోర్డు వచ్చినప్పుడే యూనికోడ్ ద్వారా మాత్రమే వచ్చాయి. పాత పద్ధతిలో విండో తెరిచిన ప్రోగ్రాంకు తెలుగు గుర్తు అందించవలసి వస్తే దానికి సరిపడే సంకేతం లేక విండోస్ ప్రశ్నార్థకాన్ని పెడుతుంది. ఫాంటు మార్చినా ఫలితం ఉండదు. అక్షరం తెరను చేరకముందే పోయింది. లైబ్రరీ విండోను యూనికోడ్ పద్ధతిలో తెరవడమే పరిష్కారం.

లినక్స్‌లో తెలుగు రాతను ఐబస్ వంటి సాధనాలు చూసుకుంటాయి. మీట నొక్కగానే లైబ్రరీ ముందుగా దానిని ఆ సాధనానికి చూపించాలి. సాధనం తీసుకుంటే ఆ మీటను మళ్లీ అక్షరంగా లెక్కించకూడదు. ఈ వరుస తప్పితే తెలుగు అసలు రాకపోవడమో, తెలుగుతో పాటు ఇంగ్లిషు అక్షరమూ దొర్లడమో జరుగుతుంది. సాధనం చూపే పదాల జాబితా ఎక్కడ కనిపించాలో కూడా ప్రోగ్రామే చెప్పాలి. చెప్పకుంటే ఆ జాబితా రాస్తున్న చోటికి దూరంగా ఏ మూలనో తేలుతుంది.

మామిడిపిందె పట్టని పెట్టె

ఇంగ్లిషు అక్షరం ఒక్క బైటులో ఇముడుతుంది. యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు గుర్తు ఒక్కోదానికి మూడు బైట్లు కావాలి. ఇక్కడ గుర్తు అంటే మనం పలికే అక్షరం కాదు. హల్లు ఒక గుర్తు, గుణింతం ఒక గుర్తు, పొల్లు ఒకటి, సున్న ఒకటి. ‘స్త్రీ’ మనకు ఒక్క అక్షరమే. కంప్యూటరుకు ఆరు గుర్తులు, 18 బైట్లు.

చీర అంచుల్లో అందరూ ఎరిగిన ‘మామిడిపిందె’ నమూనాను ఇప్పుడు భద్రపరుద్దాం. ఈ పేరులో అక్షరాలు అయిదు, గుర్తులు పదకొండు, బైట్లు 33. ఎస్‌డీఎల్ 2 పాఠ్య సందేశంలో రాతకు కేటాయించిన చోటు 32 బైట్లు. చివరి బైటు ముగింపును తెలపడానికి పోగా మిగిలేవి 31. పది తెలుగు గుర్తులు పడతాయి. పదకొండోది పట్టదు.

ఇన్‌స్క్రిప్ట్‌లో గుర్తు వెంట గుర్తు వస్తుంది కనుక ఇబ్బంది కనిపించదు. ఇంగ్లిషు అక్షరాలతో కొట్టి, ఖాళీ మీట నొక్కగానే పదం మొత్తం తెలుగులోకి మారే సాధనాల్లో మాత్రం పదం ఒక్కసారిగా వస్తుంది. అప్పుడు మొదటి సందేశంలో ‘మామిడిపింద’ వరకే ఇముడుతుంది. చివరి ఎత్వం మరో సందేశంగా రావాలి. రెండో ముక్కను కలుపుకోని ప్రోగ్రాంలో పేరు ‘మామిడిపింద’గా మిగులుతుంది. రెండు ముక్కలనూ విడివిడిగా గీసే ప్రోగ్రాంలో ఎత్వం ఒంటరిగా చుక్కల సున్నపై వేలాడుతుంది.

పరీక్షకు ఏ పదం ఎంచుకున్నామన్నదీ ముఖ్యమే. 1921లో చీరాల-పేరాల ఉద్యమానికి నాయకత్వం వహించిన దుగ్గిరాల గోపాలకృష్ణయ్య పేరునే చూడండి. ‘గోపాలకృష్ణయ్య’లో 13 గుర్తులు, 39 బైట్లు ఉన్నాయి. పది గుర్తుల దగ్గర తెగితే మొదటి ముక్క ‘గోపాలకృష్ణ’, రెండోది ‘య్య’. రెండూ నిండు అక్షరాలే. విడివిడిగా గీసినా పేరు సవ్యంగానే కనిపిస్తుంది. ఈ ఒక్క పేరుతో పరీక్షించినవారు ప్రోగ్రాం బాగుందని సంతృప్తి పడతారు. రెండో ముక్క పోతే మరీ ప్రమాదం. ‘గోపాలకృష్ణ’ కూడా సరైన పేరే కనుక తప్పు జరిగిందని ఎవరికీ అనుమానం రాదు. ఖాతాలో మాత్రం మరో మనిషి పేరు చేరుతుంది.

2025 జనవరిలో తొలి స్థిరమైన కూర్పు వెలువడిన ఎస్‌డీఎల్ 3లో ఈ పెట్టెను తొలగించారు. రాత ఎంత పొడవున్నా ఒకే సందేశంలో అందే వీలు కల్పించారు. అయితే ఇందులో పాఠ్య సందేశాలు వాటంతట అవి రావు. ఫలానా విండోలో రాత మొదలైందని ప్రోగ్రాం ముందుగా తెలపాలి, పూర్తయ్యాక ఆపాలి. ఫోన్లలో తెరపై కీబోర్డు పైకి రావడానికి, కిందికి పోవడానికి కూడా ఇదే ఆధారం. రెండో కూర్పు నుంచి మూడోదానికి మారినవారికి కంప్యూటరులో తెలుగే కాదు, ఇంగ్లిషు కూడా రాకపోతే మొదట చూడవలసింది ఇదే.

రాత చేరింది.. గీత మిగిలింది

గుర్తులన్నీ సక్రమంగా చేరినా తెరపై వత్తులు విడిపోయి కనిపించవచ్చు. ‘మగ్గం’ అని రాస్తే గ కింద వత్తు రావడానికి బదులు పొల్లుతో గ్, పక్కన గం వస్తే అది కీబోర్డు లోపం కాదు. గుర్తులను కలిపి అక్షర రూపం నిర్ణయించే పని వేరే ఉంది. హార్ఫ్‌బజ్ అనే లైబ్రరీ ఆ పని చేస్తుంది. అది జతకాకపోతే సిలికానాంధ్ర వెలువరించిన తెనాలి రామకృష్ణ వంటి అందమైన ఫాంటు ఉన్నా వత్తు తన చోటికి చేరదు. లోపం ఎక్కడుందో తేల్చుకోవడానికి తేలిక మార్గం ఉంది. ప్రోగ్రాంలో రాసిన పదాన్ని ఫైలులో భద్రపరచి మరో ఎడిటరులో తెరవాలి. అక్కడ సరిగా ఉంటే తప్పు గీతలో ఉంది. అక్కడా తప్పుంటే రాత అందుకోవడంలోనే ఉంది.

ఇలాంటి చోట చిన్న లోపం ఎంత దూరం పాకుతుందో 2018 ఫిబ్రవరిలో లోకమంతా చూసింది. ‘జ్ఞా’ అక్షరాన్ని ఒక ప్రత్యేక గుర్తుల వరుసలో పంపితే ఐఫోన్లలో సందేశాల యాప్‌లు కుప్పకూలాయి. తెలుగు తెలియనివారి ఫోన్లకూ ఆ దెబ్బ తగిలింది. అదే నెల 19న ఆపిల్ ఐఓఎస్ 11.2.6 కూర్పుతో సరిదిద్దింది. అనేక యాప్‌లు ఒకే లైబ్రరీపై ఆధారపడినప్పుడు తప్పు ఒకచోట ఉంటే నష్టం అందరికీ. దిద్దుబాటు ఒకచోట జరిగితే లాభమూ అందరికీ.

సరిచేయాల్సింది ఎక్కడ?

లోపం తన ప్రోగ్రాంలో ఉందా, లైబ్రరీలో ఉందా అని తేల్చుకోవడం విద్యార్థి తొలి బాధ్యత. అందుకు విండో తెరిచి, వచ్చిన ప్రతి సందేశాన్నీ వరుసగా ముద్రించే యాభై వరుసల చిన్న ప్రోగ్రాం చాలు. సందేశం సరిగా వచ్చినా ఫలితం తప్పితే లోపం మనది. సందేశమే తప్పుగా వస్తే లైబ్రరీది.

లైబ్రరీది అయితే తన ప్రోగ్రాంలో అతుకు వేసి ఊరుకోవడం తగదు. ఎస్‌డీఎల్, జీఎల్‌ఎఫ్‌డబ్ల్యూ రెండూ జెడ్‌లిబ్ లైసెన్సు కింద ఎవరైనా చదవగల, మార్చగల లైబ్రరీలు. వాటి మూలం గిట్‌హబ్‌లో ఉంది. లోపాన్ని తెలిపేందుకు, సవరణ పంపేందుకు అక్కడే చోటుంది. ఎక్కడో ఉన్న నిర్వాహకుడి వద్ద తెలుగు కీబోర్డు ఉండదు. ‘మామిడిపిందె’లో చివరి ఎత్వం పోయిందన్న సంగతి ఆయన కంటికి ఆనదు. అది కనిపించేది మనకే. 1990ల తొలినాళ్లలో అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయంలో ఉన్న తెలుగువారు ఆర్‌టీఎస్ లిప్యంతరీకరణ పద్ధతిని తీర్చిదిద్దింది తమ అవసరం కోసమే. నేటి తెలుగు టైపింగ్ సాధనాలు కొన్నింటికి అదే మూలం. చీరాల, బాపట్ల, తెనాలి, రేపల్లె కళాశాలల్లో చదివేవారు పంపే ఒక్క సరైన నివేదిక కూడా అంతే దూరం ప్రయాణించగలదు.

ఇవి పరీక్షించండి

* విండోను సాగదీసి, కుదించి, చిన్నగా మార్చి తిరిగి తెరవండి. నాలుగు మూలల్లోనూ, నడిమిన నొక్కి చూడండి.

* తెర అమరికలో పరిమాణాన్ని 100 నుంచి 150, 200 శాతానికి మార్చి అదే పరీక్ష తిరిగి చేయండి.

* ఒక మీట నొక్కి పట్టి మరో విండోకు వెళ్లండి. అక్కడ వదిలి వెనక్కి రండి. మీట విడిందో లేదో చూడండి.

* ఇన్‌స్క్రిప్ట్‌తో ఒకసారి, పదం మొత్తం మార్చే సాధనంతో మరోసారి రాయండి. పేరాల, మగ్గం, స్త్రీ, మామిడిపిందె, గోపాలకృష్ణయ్య అనే అయిదు మాటలు చాలు.

* వెనక్కి చెరిపే మీట ఒక్కసారి నొక్కితే ఒక బైటు మాత్రమే పోకూడదు. చివరి గుర్తు పూర్తిగా పోవాలి. బాణపు మీట నిండు అక్షరాన్ని దాటాలి.

* భద్రపరచి, మూసి, తిరిగి తెరవండి. రాసిన పేరు రాసినట్లే ఉండాలి.

* లోపం కనిపిస్తే ఆపరేటింగ్ సిస్టం, లైబ్రరీ కూర్పు సంఖ్య, వాడిన కీబోర్డు, రాసిన మాట, రావలసింది, వచ్చింది.. ఈ ఆరింటినీ చిన్న నమూనా ప్రోగ్రాంతో జతచేసి పంపండి.